కేసులో చోటు

పోయిన వారం ప్రేమానందాన్ని పులివెందుల బస్సులో, ఒళ్ళో బట్టల మూటతో వదిలిపెట్టాం. ఆ మూటలోవి అతని బట్టలు కావు. మండలం ఎన్నికకు నామినేషను వేయడానికి బయలుదేరిన నారాయణను జమ్మలమడుగు నడిబజారులో, పట్టపగలు, కొడవళ్ళతో నరికిన కేసులో పేర్లెక్కిన కుర్రాళ్ళవి. వాళ్ళు పులివెందుల పక్కన ఒక చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, తలదాచుకున్నారు. రేపో మాపో కోర్టులో లొంగిపోవాలి కాబట్టి ఉతికిన చొక్కాలు కావలసి వచ్చాయి. మూట ప్రేమానందమే తేవాలని బయపురెడ్డి మనిషిని పంపి మరీ చెప్పించాడు.

బయపురెడ్డి గురించి పాత పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఇవాళే చేరినవాళ్ళ కోసం ఒక్క మాట. పెన్న ఒడ్డున ఉన్న ఊళ్ళన్నిటికీ అతనే పెద్ద. పార్టీ ఏదైనా, టిక్కెట్టు ఎవరికిచ్చినా, గెలిచినవాడు ముందు అతని ఇంటికొచ్చి నిలబడాలి. నారాయణ అలా నిలబడనన్నాడు. ఇప్పుడు మిషన్ ఆసుపత్రిలో మంచం మీద పడి ఉన్నాడు. అతని గాయాలు కడుగుతున్న నర్సు సుశీలమ్మ, ప్రేమానందానికి కన్నతల్లి. ఉద్యోగం పనిమీద కడపకు పోతున్నానని ఆమెకు అబద్ధం చెప్పి, కొడుకు పులివెందుల బస్సెక్కాడు.

అవును, ఈ కుర్రాడికి ఉద్యోగం వచ్చింది. పేటలో అందరికంటే ముందు బి.ఏ. చదివాడు, ఆపైన బి.ఇడి. చేశాడు, టీచరు పోస్టుకు సెలక్టయ్యాడు. పోలీసులు ఒకసారి వచ్చి మంచివాడని రాసుకుపోతే ఆర్డరు చేతికొస్తుంది. తాత కాలం నుంచీ ఆ ఇంట్లో పలకలూ బైబిళ్ళూ తప్ప మరేమీ ఉండేవి కావు. తండ్రి సామ్యూల్ మిషను బళ్ళో సుద్దముక్క పట్టుకునే కన్నుమూశాడు. ఇంకొకడైతే చర్చిలో కానుక వేసి, కొత్త చెప్పులు కొనుక్కుని, ఆర్డరు కోసం ఎదురు చూసేవాడు. మనవాడికి మాత్రం కడుపులో ఒకటే మంట. కేసులో తన పేరు లేదని.

నవ్వకండి. ఆ ఏళ్ళలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య కుర్రతనం గడిపినవాళ్ళెవరూ నవ్వరు. డిగ్రీలు చంకలో పెట్టుకుని జీపుల వెనక తిరిగిన తరం అది. చదువుకు విలువ లేదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళే చూసి నేర్చుకున్నారు. ఎమ్మే చదివినవాడు బస్టాండులో నిలబడితే ఎవరూ కుర్చీ జరపరు. ఒక్క కేసున్నవాడు నిలబడితే హోటలు యజమాని తన కుర్చీ తుడిచి ఇస్తాడు. అవతలి వర్గం కంప్లయింటులో మన పేరు రాసిందంటే మనల్ని లెక్కలోకి తీసుకుందని అర్థం. రాయలేదంటే మనం ఉన్నా లేకపోయినా ఒకటే. ప్రేమానందం పేరు రాయలేదు. నారాయణ మీద కొడవళ్ళు లేచిన పూట అతను ప్రొద్దుటూరులో, సర్టిఫికెట్ల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కోసం వరండాలో నిలబడి ఉన్నాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా తన మీద తనకే ఒళ్ళు మండేది.

సుదర్శనం పేరు ఉంది. అసలు కడుపుమంటకు కారణం అదే. ప్రొద్దుటూరు కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే అద్దె గది, ఒకే దువ్వెన. పరీక్షలప్పుడు రాత్రంతా చదివి వినిపించింది ప్రేమానందం. విని నిద్రపోయింది సుదర్శనం. అలాంటివాడు ఇప్పుడు ముద్దాయి. వాడి పేరు పేపర్లో వచ్చిన రోజునుంచి టైలరు షంషుద్దీన్ వాడి చొక్కాలు ముందుగా కుట్టి పక్కన పెడుతున్నాడు. బయపురెడ్డిని వాడు మామా అని పిలుస్తాడు, వరస ఉంది. ప్రేమానందానికి ఏ వరసా లేదు. అన్నా అంటే చనువైపోతుందేమో, అయ్యా అంటే చిన్నతనమేమోనని నలిగి, చివరికి సార్ అంటాడు. ఇవన్నీ దిగమింగుకున్నాడు గానీ, పోయిన ఆదివారం చర్చి మెట్ల దగ్గర, తను మనసులో దాచుకున్న అరుణకుమారి తనను ఆపి, పలకరింపుగా నవ్వి, సుదర్శనానికి తోటలో తిండీ తిప్పలూ సరిగా ఉన్నాయా అని అడిగింది. తన ఉద్యోగం గురించి ఒక్క మాట అడగలేదు. ఆ రాత్రి ప్రేమానందం అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. తల్లి జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

బస్సు దిగి, పొలాల గట్ల మీదుగా తోటకు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. చీనీ చెట్ల కింద మంచాలు వేసుకుని పేకాడుతున్నారు మన వీరులు. దాక్కున్నవాళ్ళలా లేరు, పెళ్ళికొచ్చినవాళ్ళలా ఉన్నారు. బుగ్గలు నిండాయి. ఒక మూల పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. ప్రేమానందాన్ని చూడగానే ఒకడు పేక ముక్కలు కింద పెట్టి, అయ్యవారొచ్చినాడు లేచి నిలబడండిరా అన్నాడు. అందరూ నవ్వారు. సుదర్శనం కూడా నవ్వాడు. మూట విప్పి తన చొక్కా వెతుక్కుని, ఇస్త్రీ మడత నలిగిందని చూసి పక్కన పెట్టాడు. చాకలివాడు తెచ్చినా ఒక మాట పలకరిస్తారు, మంచినీళ్ళిస్తారు. ప్రేమానందం తనే కుండ దగ్గరికి పోయి ముంచుకు తాగాడు.

ఎవరి చొక్కా వాళ్ళకిచ్చేశాక అతనికక్కడ పని లేదు. సాయంత్రం బస్సుకు తిరిగిపోవాలి. ఒక చెట్టు మొదట్లో కూర్చుని సుదర్శనం కేసి చూస్తూ ఉన్నాడు. వాడి మెడలో కొత్త గొలుసు కనబడింది. గడ్డం పెంచాడు, అదీ బాగానే కుదిరింది. తను పెంచితే బిచ్చగాడి గడ్డంలా ఉంటుందని ప్రేమానందానికి తెలుసు. ఒకే గదిలో చదువుకున్న ఇద్దరిలో ఒకణ్ణి దేవుడు ఎందుకు ఎత్తుకుని రెండోవాణ్ణి ఎందుకు వదిలేశాడని, దేవుణ్ణి అడగకూడని ప్రశ్న అడిగాడు. చిన్నప్పటి నుంచీ ఆదివారం బళ్ళో అసూయ పాపమని వల్లె వేసినవాడే. అది పాపమని తెలియడం వేరు, గొంతులోకి ఎగదన్నినప్పుడు మింగడం వేరు.

బయపురెడ్డి జీపు భోజనాల వేళకు వచ్చింది. అతన్ని దించి, పులివెందుల పోయి ఫోనులో ఊరి సంగతులు కనుక్కు రావడానికి డ్రైవరు మహబూబ్ బాషా జీపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. పేక ముక్కలు మాయమయ్యాయి. అందరూ లేచి నిలబడ్డారు. పెద్దాయన ఎవరినీ ఏమీ అనకుండా కాళ్ళు కడుక్కుని వచ్చి విస్తర్లు వేయమన్నాడు. ప్రేమానందం పక్కకు తప్పుకోబోతే, నువ్వూ కూర్చోప్పా అన్నాడు. కూర్చున్నాడు, అందరికంటే చివర.

ఇక్కడొక ఆనవాయితీ చెప్పాలి. బయపురెడ్డి తన మనుషుల్లో ఎవరినీ కేసు ఒప్పుకొమ్మని నోరు తెరిచి అడగడు. అతని తండ్రీ అడగలేదట. ఏం కావాలో అందరి ముందూ చెప్పి ఊరుకుంటాడు. తర్వాత రాగి సంగటి తపేలా తన ఒళ్ళోకి తీసుకుని కూర్చుంటాడు. ఎవడు లేచి నిలబడితే వాడి విస్తట్లో పెద్దాయన తన చేత్తో తొలి ముద్ద పెడతాడు. ఆ ముద్ద పడేదాకా మిగతావాళ్ళు విస్తరి ముట్టరు. ఆ తర్వాత ఆ మనిషి జైల్లో ఉన్నా ఇంటి పెద్ద లేని లోటు ఆ ఇంటికి తెలియనివ్వరు. వాడు బయటికొచ్చిన నాడు జీపు ఎదురు వస్తుంది. కంప్లయింటులో పేరు పడ్డాక సుదర్శనం తనే లేచి ఆ ముద్ద ఎలా తిన్నాడో జమ్మలమడుగులో కథలు కథలుగా చెప్పుకున్నారు. ప్రేమానందం ఆ కథ విన్నాడు, విననట్టు మొహం పెట్టుకుని, ఇంకోసారి చెప్పించుకుని విన్నాడు.

బయపురెడ్డి సంగతి చెప్పాడు. కంప్లయింటులో పేర్లున్నవాళ్ళతో చిక్కు లేదు. నరికిన మొదటి దెబ్బ మాత్రం మొగానికి టవలు చుట్టుకున్నవాడు వేశాడనీ, వాడెవడో గుర్తుపట్టలేదనీ నారాయణ చెప్పాడు. ఆ టవలు మనిషిని కూడా తెచ్చి నిలబెడితే తప్ప పోలీసులు ఊరుకునేలా లేరు. అతనే కేసులో మొదటి ముద్దాయి.

ఆ టవలు వెనక ఎవరి మొహం ఉందో అక్కడ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. బయపురెడ్డి కొడుకు శేఖర్ దాడి జరిగిన సాయంత్రమే బెంగుళూరు వెళ్ళిపోయాడు, చదువుకోవడానికని చెప్పారు. తెలిసిన సంగతిని ఎవరూ కళ్ళతో కూడా చెప్పుకోలేదు. విస్తర్ల మీద ఈగలు వాలుతున్నా తోలేవాడు లేడు.

"నేనెవుర్నీ అడగను. నా నోటితో ఎప్పుడూ అడగలే," అన్నాడు బయపురెడ్డి, తపేలా ఒళ్ళోకి తీసుకుంటూ.

అప్పుడు సుదర్శనం తల వంచుకునే నోరు విప్పాడు.

"మా చిన్నాయన కొడుకు గోపాలుకు కబురు పెట్టినా మామా. పొద్దు గూకేలోపల వచ్చేస్తాడు. వాడు ఒప్పుకుంటాడు."

ప్రేమానందానికి చెవులు వేడెక్కాయి. గోపాలంటే ఎవరు? పదో తరగతి తప్పి, ట్రాక్టరు తోలుకుంటూ, మాట్లాడితే నత్తి కొట్టే పిల్లవాడు. వాడు మొదటి ముద్దాయా? మళ్ళీ ఆ ఇంట్లోకేనా? ఒకే ఇంట్లో ఇద్దరా? ఇక తను మూటలు మోసుకుంటూ, సుద్దముక్కలతో చేతులు తెల్ల చేసుకుంటూ, గోపాలు నడిచొస్తుంటే కూడా పక్కకు జరుగుతూ బతకాలా? ఆ క్షణాన అతనికి తల్లి గుర్తు రాలేదు. ఉద్యోగం గుర్తు రాలేదు. మొదటి ముద్దాయి అంటే సుదర్శనం కంటే పైన అన్న ఒక్క సంగతి గుర్తొచ్చింది. కాళ్ళు వాటంతట అవే లేచాయి.

"గోపాలెందుకు సార్? నేనుండా గదా," అన్నాడు.

బయపురెడ్డి తలెత్తి చూశాడు. ఆశ్చర్యపోయినట్టే ఉన్నాడు. టీచరు కొడుకువు, నీకేం ఖర్మ, బాగా ఆలోచించుకో అన్నాడు. ప్రేమానందం ఆలోచించుకున్నానని చెప్పాడు. పెద్దాయన ఇంకోసారి వద్దన్నాడు. ఇంకోసారి ప్రేమానందం పట్టు పట్టాడు. అప్పుడు బయపురెడ్డి తపేలా ఎత్తుకుని, వరసలో ఉన్న విస్తర్లన్నీ దాటుకుంటూ చివరిదాకా నడిచి వచ్చి, వంగి, వేడి ముద్ద అతని విస్తట్లో పెట్టాడు. మధ్యలో గుంట చేసి పులుసు తనే పోశాడు.

ఎంత పొంగిపోయాడో చెప్పలేను. మొదటి కడి నోట్లో పెట్టుకుంటూ, సుదర్శనం మొహం ఎలా మాడిపోయిందో చూద్దామని కళ్ళు తిప్పాడు. ఇన్ని రోజులు తను తిన్న కారం వాడి కళ్ళలో చూడాలని ఎంత ఆశ పడ్డాడో. సుదర్శనం అతన్ని చూడటం లేదు. ఏమీ తినకుండా విస్తరి అంచు చింపుతున్నాడు.

భోజనాలయ్యాక బావి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే సుదర్శనం వెనకగా వచ్చి నిలబడ్డాడు. ప్రేమానందం కావాలనే వెనక్కి తిరగలేదు. ఏమిరా, ఓర్చుకోలేకుండా ఉండావా అని అడిగాడు, నీళ్ళు చల్లుకుంటూ. ఆ మాటను ఎన్నో రోజులుగా దాచిపెట్టుకున్నాడు.

"గోపాలుకు కబురే పోలేదు ప్రేమా," అన్నాడు సుదర్శనం.

ప్రేమానందానికి అర్థం కాలేదు. సుదర్శనం మెల్లగా, ఎటో చూస్తూ చెప్పుకొచ్చాడు. టవలు మనిషి కావాలని వారం కిందటే అనుకున్నారు. ఎవరిని అంటే ఎవరూ ముందుకు రాలేదు. వాళ్ళ వాళ్ళలో ఎవరికీ మొదటి ముద్దాయి కావాలని లేదు. అప్పుడు బయపురెడ్డే ప్రేమానందం పేరెత్తాడు. అడిగితే ఒప్పుకోడు, వాళ్ళమ్మ ఒప్పుకోనివ్వదు, కాబట్టి అడగకూడదన్నాడు. బట్టల మూట వంకతో పిలిపించి, అందరి ముందూ గోపాలు పేరు సుదర్శనాన్ని చెప్పమన్నాడు. ఆ పేరు వింటే వాడే ఒంటికాలి మీద లేస్తాడన్నాడు.

"చెప్పమంటే చెప్పేస్తావా?" అన్నాడు ప్రేమానందం. "నాకు నీతో చెడిందేముందిరా?"

సుదర్శనం తొట్టిలో పడిన ఎండుటాకును వేలితో నెడుతూ నిలబడ్డాడు.

"నాకు ఇంగ్లీషు పేపరు మూడు తూర్లు పోయింది. నీకు టీచరు పోస్టొచ్చిందని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించలే. నువ్వు తెల్లబట్టలేసుకోని ఇస్కూలుకు పోతావు, పిల్లోళ్ళు నమస్తే సార్ అంటారు. నేను సచ్చేదాకా వాయిదాలకు తిరుగుతా. మామ చెప్పినప్పుడు వద్దనుండొచ్చు. అనలే. ఓర్చుకోలేకపోయినా."

ఇక్కడ ఒక నిజం చెప్పాలి, ప్రేమానందానికి అది గౌరవం కాకపోయినా సరే. ఆ మాటలు విన్నప్పుడు అతనికి ముందు కలిగింది కోపం కాదు. ఏ మనిషిని చూసి ఇన్నాళ్ళూ కుళ్ళిపోయాడో, ఆ మనిషి తనను చూసి కుళ్ళిపోయాడన్న సంగతి ముందు తియ్యగా తగిలింది. తను ఎవడికీ కానివాడేమీ కాదు. అద్దె గదిలో పక్కపక్కన పడుకుని, ఒకడి మీద ఒకడు ఏడుస్తూ, ఇద్దరూ ఒకే పక్క ఒత్తిగిల్లి నిద్రపోయారన్నమాట. ఆ తీపి నాలుక మీద ఉండగానే మిగతాదంతా తెలిసొచ్చింది. ఆర్డరు రాదు. పోలీసులు మంచివాడని రాయడానికి రారు, పట్టుకుపోవడానికి వస్తారు. అమ్మ ఏ చేతులతో నారాయణ గాయాలు కడుగుతోందో, ఆ గాయాలు చేసింది తనేనని రేపు కోర్టులో తన నోటితో తను చెప్పాలి.

సుదర్శనం దగ్గరికి జరిగి, ఇంకా ఏమీ మించిపోలేదన్నాడు. తోట వెనక కంచెలో సందు ఉందనీ, అది దాటితే రోడ్డు వస్తుందనీ, అందరూ కునుకు తీసే వేళ కాబట్టి ఎవరూ చూడరనీ చెప్పాడు.

"పో ప్రేమా. ఆర్డరొచ్చేదాకా కడపలో మీ చిన్నమ్మ కాడ ఉండు. నేను మామకు ఏందో ఒకటి చెప్పుకుంటాలే."

నమ్మొచ్చో లేదో తేల్చుకోలేకపోయాడు ప్రేమానందం. తను పారిపోతే పిరికివాడని పేరు పడుతుందని, ఆ తొలి ముద్ద గౌరవం తిరిగి వాళ్ళింటికే దక్కుతుందని సుదర్శనం చెబుతున్నాడేమో. ఇంత జరిగాక కూడా ఆ అనుమానమే ముందు వచ్చింది చూడండి. అయినా కంచె వైపు ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు కూడా వేశాడు. తల్లి తన నుదుటి మీద చెయ్యి వేసి చూడటం కళ్ళకు కట్టింది.

అంతలో జీపు హారను మోగింది. ఆగకుండా మోగుతూనే తోటలోకి వచ్చింది. కునుకు తీస్తున్నవాళ్ళంతా లేచి పరిగెత్తారు. మహబూబ్ బాషా ఇంజను ఆపకుండానే కిందికి దూకాడు. నారాయణ చనిపోయాడని చెప్పాడు.

నరికిన కేసు హత్య కేసైపోయింది. ఎవరో ప్రేమానందం కేసి చూసి చటుక్కున తల తిప్పుకున్నారు. నేరం ఒప్పుకున్న మొదటి ముద్దాయికి ఏ శిక్ష పడుతుందో అక్కడ చదువు రానివాడు కూడా చెప్పగలడు.

బయపురెడ్డి మంచం మీద నుంచి లేవలేదు. పోయేముందు వాడు ఏమైనా చెప్పాడా అని మాత్రం అడిగాడు. మహబూబ్ బాషా కళ్ళు ప్రేమానందం మీదికి పోయి వచ్చాయి. గట్టిగా గద్దిస్తే చెప్పాడు. మేజిస్ట్రేటు వచ్చేలోపలే ప్రాణం పోయింది, కాబట్టి కాగితం మీద ఏమీ లేదు. గొంతు తడుపుదామని నర్సమ్మ వంగినప్పుడు మాత్రం నారాయణ ఆమె చెయ్యి పట్టుకుని, పోలీసులకు చెప్పలేదు గానీ టవలు కట్టుకున్నవాడి గొంతు తాను పోల్చుకున్నానని చెప్పి, ఆమె చెవిలో ఒక పేరు చెప్పాడట. పక్క మంచం మీది గులాబ్‌బీ చూసింది, పేరు మాత్రం ఆమెకు వినబడలేదు. ఎవరడిగినా నర్సమ్మ ఇంతవరకు నోరు విప్పలేదు. ఆ నర్సమ్మ సుశీలమ్మ.

ఆమె నోరు విప్పితే ఆమె కొడుకు కేసు నుంచి బయటపడతాడు, బయపురెడ్డి కొడుకు ఇరుక్కుంటాడు. ఆ సంగతి ప్రేమానందానికి ఎంత త్వరగా తట్టిందో, మంచం మీద కూర్చున్న మనిషికీ అంతే త్వరగా తట్టింది.

బయపురెడ్డి లేచి వచ్చాడు. కోపం లేదు. ప్రేమానందం చేతికింకా తడి ఆరలేదు. తన భుజం మీది తువ్వాలు తీసి ఆ చెయ్యి తుడిచాడు, సొంత మనిషికి తుడిచినట్టు. తర్వాత చాలా మెత్తగా అడిగాడు.

"మీ యమ్మ డ్యూటీ దిగి ఇంటికి ఏ దోవన పోతాదప్పా?"